మన దానం ఎక్కడ, ప్రభుత్వ పథకం ఎక్కడ: సాయం చేయదలచినవారికి ఒక పోలిక

తల్లి సంవత్సరీకం నాడో, కొడుకు ఉద్యోగంలో చేరిన నెలలోనో యాభై వేల రూపాయలు పక్కన పెట్టి, "లేనివారికి ఉపయోగపడేలా దీన్ని ఎక్కడ ఇస్తే బాగుంటుంది?" అని అడిగేవారు నాకు ఏటా నలుగురైదుగురు తారసపడతారు. వారిలో కొందరు ప్రభుత్వ పథకాలంటే ఓట్ల కోసం పంచేవనీ, నిజమైన సాయం మనసున్న మనిషి చేతి నుంచే వస్తుందనీ నమ్ముతారు. మరికొందరు పన్నులు కడుతున్నాం కదా, ఇక పేదల సంగతి ప్రభుత్వమే చూసుకోవాలంటారు. అనంతపురంలో ఉంటూ ఈ రెండు దారులనూ చాలాకాలంగా దగ్గరి నుంచి చూస్తున్న నాకు, ఈ రెండు నమ్మకాల వల్లా సాయం పొందవలసిన మనిషికే నష్టం జరుగుతుందనిపిస్తుంది. ముందుగా చూడవలసింది ఆ మనిషి కష్టం ఎంతకాలం ఉండేది, దానికి కావలసింది డబ్బా, తోడు వచ్చే మనిషా, కాగితమా అన్నది. ఆ జవాబును బట్టి దారి మారుతుంది.

నెలనెలా కావలసిన సాయం

వృద్ధాప్యం, వైధవ్యం, వైకల్యం ఒక నెలతో తీరిపోయే కష్టాలు కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకూ వితంతువులకూ నెలకు 4,000 రూపాయల పింఛను అందుతోంది. ఒక్క మనిషికి ఇదే మొత్తాన్ని మనం జీవితాంతం ఇవ్వాలనుకుంటే, బ్యాంకు ఏడు శాతం వడ్డీ ఇస్తుందనుకున్నా దాదాపు 6.86 లక్షల రూపాయలు డిపాజిట్ చేయాలి. మా వీధిలో అలాంటి డిపాజిట్ వేయగలిగిన ఇళ్లు ఒకటో రెండో ఉంటాయి. పింఛను మీద బతుకుతున్న ముసలివారు మాత్రం పదిమందికి తక్కువ లేరు. రాష్ట్రమంతా కలిపితే అన్ని రకాల పింఛనుదారులూ అరవై లక్షలు దాటుతారు. ఇంత బరువును ఏ ట్రస్టూ, ఏ దేవస్థానమూ, ఏ ప్రవాసాంధ్రుల సంఘమూ మోయలేదు. కాబట్టి నెలనెలా, ఏళ్ల తరబడి అవసరమయ్యే సాయం విషయంలో నా సలహా సూటిగానే ఉంటుంది: ముందు ప్రభుత్వ పథకం కోసం ప్రయత్నించండి, అది రాని చోట మాత్రమే మన చేయి పెట్టండి.

మొత్తం ఒక్కటే ఇందుకు కారణం కాదు. 2014 దాకా ఉమ్మడి రాష్ట్రంలో నెలకు 200 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య పింఛను ఆ ఏడాదే రెండు రాష్ట్రాల్లోనూ 1,000 రూపాయలకు చేరి, ఆ తర్వాత ఎన్నికల వాగ్దానాల మీద పెరుగుతూ తెలంగాణలో 2,016కు, ఆంధ్రప్రదేశ్‌లో 4,000కు వచ్చింది. ఎన్నికల కోసం పెంచారని దీన్ని తక్కువ చేసి మాట్లాడేవారున్నారు. నాకు మాత్రం పేదవారి బలం అందులోనే కనిపిస్తుంది. పింఛను తీసుకునే అవ్వకు ఓటుంది, రాకపోతే వార్డు సచివాలయం ముందు నిలబడి ఎందుకు రాలేదని నిలదీసే వీలుంది, వృద్ధాప్యంలోనూ జబ్బులోనూ వైకల్యంలోనూ ప్రజలకు ప్రభుత్వ సహాయం అందేలా చూడాలని చెప్పే రాజ్యాంగంలోని 41వ అధికరణం ఆమె వెనుక ఉంది. అదే ఒక దాత నెలకు వెయ్యి రూపాయలు ఇస్తుంటే, బియ్యం ధర పెరిగింది కాబట్టి పదిహేను వందలు చేయమని ఆమె నోరు తెరిచి అడగలేదు. దాత ఇంట్లో పెళ్లి వచ్చి రెండు నెలలు ఆపేసినా ఏమీ అనలేదు.

అయితే ప్రభుత్వ సాయానికి కాగితం కావాలి. ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది మా వీధి చివర ఉండే ఒక అవ్వ. తాపీ పనికి వెళ్లే ఆమె భర్త ఇంట్లోనే కన్నుమూసినప్పుడు వీధిలో అందరం కలిసి పన్నెండు వేల రూపాయలు పోగుచేసి కర్మ జరిపించాం, మూడు నెలలు బియ్యం ఇచ్చాం, మా వంతు చేశామని తృప్తిపడ్డాం. ఏడాదిన్నర తర్వాత ఆమె ఒక గుడ్డసంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, అంచులు చిరిగిన పెళ్లి ఫోటో ఉన్నాయి. వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువీకరణ పత్రం కావాలన్నారట, అది లేదు. "బియ్యం ఇచ్చినోళ్లంతా నాకు గుర్తే నాయనా, ఈ కాగితం కావల్లని మాత్రం ఎవురూ చెప్పలేదు" అంది. చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే విచారణ జరిగి, ఆర్డీఓ స్థాయి అధికారి ఉత్తర్వు వస్తే తప్ప నమోదు కాదు. మేం ఆమెతో కలిసి ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాం. ఒకసారి ఆధార్‌లో భర్త పేరుకూ రేషన్ కార్డులోని పేరుకూ ఒక అక్షరం తేడా వచ్చిందని వెనక్కి పంపారు, మరొకసారి సంతకం పెట్టవలసినవారు సెలవులో ఉన్నారన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఆమెకు ఒక రోజు కూలి పోయింది. ఆటో ఛార్జీలు, నోటరీ, జిరాక్సులు, పోయిన కూలి కలిపి మొత్తం 3,400 రూపాయలు ఖర్చయింది. ఏడు నెలలు పట్టింది. 2022లో నెలకు 2,500 రూపాయలతో మొదలైన ఆమె పింఛను ఇప్పుడు 4,000 అయింది. మా పన్నెండు వేలూ పదమూడు రోజుల్లో అయిపోయాయి. ఆ 3,400 రూపాయలు ఈనాటికీ ఆమెకు అన్నం పెడుతున్నాయి.

ఇందులో ఒక ఇబ్బందిని దాచకుండా చెప్పాలి. అన్ని పత్రాలూ సరిగ్గా ఉన్నా కొత్త పింఛన్ల మంజూరు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆగిపోయే కాలాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. దరఖాస్తు పెట్టిన రోజుకూ మంజూరైన రోజుకూ మధ్య ఉండే ఆ ఖాళీలోనే మన దానానికి అసలైన పని ఉంది. నలుగురు కలిసి తలా ఐదు వందలు వేసుకుని, పింఛను వచ్చేదాకా మాత్రమే ఇస్తామని ముందే చెప్పి ఇస్తే, ఇచ్చేవారికి బరువు కాదు, తీసుకునేవారికి ఎప్పుడు ఆగిపోతుందోనన్న బెంగ ఉండదు.

ఆసుపత్రి ఖర్చు

ఎక్కువ మంది తొందరపడి తప్పు చేసేది ఇక్కడే. ఫోన్‌లో ఒక ఫోటో, ఒక ఖాతా నంబరు, "ఆపరేషన్‌కు నాలుగు లక్షలు కావాలి" అన్న అభ్యర్థన వస్తాయి. మనసు కరిగి వెంటనే డబ్బు పంపుతాం. డబ్బు పంపే ముందు రెండు ప్రశ్నలు అడగమని నేను చెబుతాను: ఈ చికిత్స ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందా, రోగి చేరిన ఆసుపత్రి ఆ పథకం నెట్‌వర్క్‌లో ఉందా? 2007లో మా అనంతపురంతో పాటు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదట అమలైన ఈ పథకం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా, తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే నడుస్తోంది. 2023 డిసెంబరులో ఒక్కో కుటుంబానికి భరించే వైద్య ఖర్చు పరిమితిని ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు, తెలంగాణలో 10 లక్షలకు పెంచారు. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో చేరి, ఇల్లు తాకట్టు పెట్టి, మిగిలిన దానికి విరాళాలు అడిగిన కుటుంబానికి అదే ఆపరేషన్ పక్క వీధి ఆసుపత్రిలో ఉచితంగా జరిగేదని ఆలస్యంగా తెలిసిన సందర్భాలు నేను చూశాను. అలాంటప్పుడు దాత ఇచ్చిన డబ్బు రోగికి చేరినట్టు కనిపించినా, నిజానికి చేరింది తెలియనితనానికి కట్టిన బిల్లుకే. రోగి ఇంకా చేరకముందే ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను కలిసి కార్డు చూపించి అడగడం, లేదా 104కు ఫోన్ చేసి కనుక్కోవడం డబ్బు పంపడం కన్నా పెద్ద సాయం.

ఇక్కడా ప్రభుత్వం వైపు లోటుంది. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. జాబితాలో లేని జబ్బులున్నాయి. ముఖ్యమంత్రి సహాయ నిధి ఉన్నా, సాధారణంగా అది ఖర్చు పెట్టిన తర్వాత బిల్లులు చూపి, ప్రజాప్రతినిధి ద్వారా దరఖాస్తు పెట్టుకుంటే వచ్చేది. అదీ మొత్తం ఖర్చులో కొంత భాగమే. ఈ రెండు తలుపులూ తట్టి చూశాక కూడా మిగిలిపోయిన ఖర్చు దాతలది. పథకంలో పేరు లేని ఖర్చులు కూడా దాతలవే: రోగికి తోడుగా వచ్చిన భార్య పది రోజులు ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, ఇంటి దగ్గర పిల్లలను ఎవరు చూసుకోవాలి అన్నవాటికి ఏ పథకమూ పూర్తిగా జవాబు చెప్పదు.

రక్తం సంగతి వేరు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు తర్వాత, 1998 నుంచి దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం నిషిద్ధం. ప్రభుత్వం ఎన్ని కోట్లు కేటాయించినా రక్తాన్ని తయారు చేయలేదు, బలవంతంగా తీసుకోలేదు. అది మనిషి తనంతట తాను ఇస్తేనే వస్తుంది. తలసీమియా ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, నిల్వ ఉంచగలిగేది ఆరు వారాలకు మించదు. అంటే ఒక్క రోజు పెద్ద శిబిరం పెట్టి బ్యానర్ కట్టడం కన్నా, పదిమంది స్నేహితులు వంతులు వేసుకుని ఏడాది పొడవునా ఇవ్వడమే ఆ పిల్లలకు పనికొస్తుంది. డబ్బు లేదు కాబట్టి ఏమీ చేయలేనని అనుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

అన్నం

అన్నదానం మన ప్రాంతంలో అన్నిటికన్నా పాత దానం. పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి లంకల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా వండి పెట్టారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు. ఆ పేరు నాకు ఎంతో నచ్చింది. సీతమ్మ గారి అన్నం ఆమె గుమ్మం దాకా నడిచి రాగలిగినవారికి అందేది. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించాక, ఆ అన్నం కొండ మీది గూడెంలో ఉన్న పిల్ల దగ్గరికీ నడిచి వెళ్లవలసి వచ్చింది. దానం పుట్టించిన ఆలోచనను హక్కుగా మార్చి ఊరూరికీ పంచగలిగేది ప్రభుత్వమే.

కానీ ప్రభుత్వ అన్నమూ ఒక్క సంతకంతో ఆగిపోగలదు. 2018 జూలైలో ఐదు రూపాయలకు భోజనం పెడుతూ మొదలైన అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారాక మూతపడి, మళ్లీ 2024 ఆగస్టు 15న తెరుచుకున్నాయి. మధ్యలోని ఐదేళ్లూ అక్కడ తినే హమాలీలకూ, భవన నిర్మాణ కూలీలకూ ఆకలి మానలేదు. హైదరాబాద్‌లో 2014లో నగరపాలక సంస్థ ఒక స్వచ్ఛంద సంస్థ వంటశాలతో చేయి కలిపి మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం మాత్రం, ప్రభుత్వాలు మారినా, కొంత పేర్లు మారినా కొనసాగుతూ వచ్చింది. వండేవారు ఒకరు, ఖర్చు భరించేవారు మరొకరు అయినప్పుడు ఏర్పాటు గట్టిగా ఉంటుందని దీన్ని బట్టి నేను అనుకుంటున్నాను. అన్నదానం చేయదలచినవారు పండగ రోజు కొత్తగా పందిరి వేయడం కన్నా, ఏడాదంతా నడిచే ఇలాంటి వంటశాలకు ఆ రోజు ఖర్చు ఇవ్వడం మేలు.

వరదలాంటి ఆపదలో మాత్రం లెక్క తలకిందులవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పొట్లాలు కట్టి, నడుములోతు నీళ్లలో మోసుకుపోయిన కుర్రాళ్ల అవసరం మొదటి రోజుల్లో ఎవరూ కాదనలేనిది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయల పరిహారం ఇవ్వడం మాత్రం ప్రభుత్వానికే సాధ్యమైంది. మొదటి వారం మనది, ఆ తర్వాతి నెలలు ప్రభుత్వానివి.

తెగిపోయే చోట్లు

దానానికి కరువు జిల్లా రుణపడి ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే మా జిల్లాకు రావాలి. స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) ఇళ్లు కట్టించింది, బడులు నడిపింది, బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి పెట్టింది; 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఆ ఆసుపత్రే ఈ ప్రాంతానికి ఆదరువైంది. ఆ డబ్బులో పెద్ద భాగం స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపేది. 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ కాకపోవడంతో అనంతపురం వీధుల్లో జనం ర్యాలీలు తీశారు. అక్కడ నడిచినవారిలో చాలామంది ఆ ఆసుపత్రిలో పుట్టినవారు, ఆ సంస్థ కట్టించిన ఇళ్లలో పెరిగినవారు. ఎంత గొప్ప దానమైనా, దాని ఊపిరి ఎక్కడో ఒక ఫైలు మీద ఆధారపడి ఉంటుందని ఆ రోజు అందరికీ తెలిసింది.

రెండవ ఉదాహరణ నీళ్లు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న ఈ జిల్లాకు సత్యసాయి ట్రస్టు 1994లో తాగునీటి పథకాన్ని ప్రకటించి, ప్రభుత్వానికి ఊహకందని వేగంతో 700కు పైగా గ్రామాలకు పైపులు వేసింది. కట్టడంలో దానం గెలిచింది. కానీ మోటార్లు తిరగాలన్నా, పైపులు మార్చాలన్నా, కార్మికులకు జీతాలు ఇవ్వాలన్నా ఏటా డబ్బు కావాలి; ఆ బాధ్యత ప్రభుత్వానికి వచ్చాక జీతాల బకాయిల కోసం కార్మికులు సమ్మెకు దిగిన సందర్భాలూ వచ్చాయి. ఊరికి ఒక భవనమో, నీటి శుద్ధి యంత్రమో ఇవ్వాలనుకునే ప్రవాసులు ఈ కథను శ్రద్ధగా చదవాలి. యంత్రం ధరతో పాటు పదేళ్ల నిర్వహణ ఖర్చు ఎవరిదో పంచాయతీతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే శంకుస్థాపన చేయాలి.

రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి 108 ఒక్కటి చాలు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కుటుంబం లాభాపేక్ష లేని సంస్థగా మొదలుపెట్టిన ఆ అంబులెన్సుల నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగాన్ని తర్వాత ప్రభుత్వాలు భరించాయి. 2009 జనవరిలో ఆ కుటుంబానికి చెందిన సత్యం సంస్థ కుప్పకూలినప్పుడు దాతే లేకుండా పోయాడు, బండ్లు మాత్రం ఆగలేదు.

ట్రస్టును ఎంచుకునేటప్పుడు

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలో మొదలైంది. ఆ తర్వాత ఈ రాష్ట్రంలో సామాజిక తనిఖీ పద్ధతి వచ్చింది: ఎవరి పేరున ఎన్ని రోజుల పని రాశారో, ఎంత చెల్లించారో గ్రామసభలో బిగ్గరగా చదివేవారు, "నేను ఆ పని చేయలేదు, ఆ డబ్బు నాకు రాలేదు" అని కూలీలు లేచి చెప్పేవారు. దానం తీసుకునే సంస్థను కూడా అదే కొలతతో కొలవాలని నేనంటాను. ఆడిట్ లెక్క అడగండి, ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి, సాయం పొందినవారితో సంస్థ మనుషులు పక్కన లేకుండా మాట్లాడండి. దాతల డబ్బు మీదే బతికే సంస్థ కన్నా సొంత ఆదాయం ఉన్నది నిలదొక్కుకుంటుంది. 1987 నుంచి హైదరాబాద్‌లో నడుస్తున్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఇవ్వగలిగినవారి దగ్గర రుసుము తీసుకుని సగానికి పైగా రోగులకు ఉచితంగా చూడగలగడానికి కారణం అదే. పన్ను మినహాయింపు గురించి ఒక మాట: ట్రస్టుకు ఇచ్చిన విరాళం మీద మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది, రెండు వేలకు మించిన నగదు విరాళానికి అసలే రాదు.

దాతల మనసు చాలావరకు చిన్నపిల్లల ఫోటోల వైపు వెళుతుంది. తాగుడుకు బానిసైన మనిషికి, మతి స్థిమితం లేక బస్టాండులో తిరిగే స్త్రీకి, జైలు నుంచి వచ్చినవాడికి విరాళాలు రావు. వారి కోసం పనిచేసే చిన్న సంస్థ మీ ఊళ్లో ఉంటే, నా ఓటు దానికే.

చేతిలో యాభై వేలు ఉంటే

నన్ను అడిగినవారికి నేను చెప్పే పంపకం ఇది. పదిహేను వేలు కాగితాల పనికి కేటాయించండి: మీ వీధిలో, మీ ఇంట్లో పనిచేసేవారిలో పింఛనుకో రేషన్ కార్డుకో వైకల్య ధ్రువీకరణకో అర్హత ఉండి రానివారిని నలుగురైదుగురిని గుర్తించి, వారి ఆటో ఛార్జీలూ, పోయిన కూలీ మీరు భరించి, వీలైతే మీరే వెంట వెళ్లండి. చదువుకున్న మనిషి పక్కన ఉంటే కౌంటర్ దగ్గర మాట తీరు మారుతుందన్నది చేదు నిజం, కానీ అది పేదవారికి పనికొస్తున్నంతకాలం వాడుకోవాలి. ఇరవై వేలు బ్యాంకులో విడిగా ఉంచి, మంజూరు కోసం ఎదురుచూసేవారికీ, ఆసుపత్రి వరండాలో ఉన్నవారికీ వాడండి. మిగిలిన పదిహేను వేలు మీరు స్వయంగా చూసి నమ్మిన ఒకే ఒక్క సంస్థకు ఇవ్వండి, పది సంస్థలకు పంచవద్దు. ఒక పిల్లవాడి చదువుకు ఇవ్వాలనుకుంటే మొదటి ఏడాది ఫీజు కట్టి వదిలేయవద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపేది చివరి ఏడాదిలోనే, కాబట్టి అప్పటికి చేతిలో ఉండేలా దాచి ఉంచండి.

మా వీధిలో ఇప్పుడు ఎవరింట్లోనైనా మనిషి పోతే, కర్మకు చందాలు వసూలు చేసే కుర్రాళ్లే పోయిన మనిషి ఆధార్ కార్డు అడిగి తీసుకుంటున్నారు. మూడో రోజున ఒకరు సచివాలయానికి వెళ్లి నమోదు చేయించి, పెద్దకర్మ నాటికి ఆ పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆ ఇంటి ఆడమనిషి చేతికిస్తున్నారు.